వూహాన్‌ని నది వెంబడి చూడటం ఎలా

వూహాన్ పేరు చెప్పగానే మన ఇళ్లలో ఇప్పటికీ మొదట వచ్చే మాట కరోనా. 2020 జనవరి 23న ఆ ఊరి దారులన్నీ మూసేశారు, ఏప్రిల్ 8న గానీ తెరవలేదు. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న పిల్లల కోసం, ట్రైనింగ్‌కి వెళ్లిన ఆంధ్ర ఇంజినీర్ల కోసం మన దగ్గర ఎన్ని కుటుంబాలు టీవీల ముందు టెన్షన్‌తో కూర్చున్నాయో గుర్తుండే ఉంటుంది. ఆ భయం నిజమే. కానీ కోటి మందికి పైగా బతికే ఊరిని ఆ ఒక్క కాలంతోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. వూహాన్ యాంగ్జీ నది ఒడ్డున పద్దెనిమిది వందల ఏళ్లుగా బురుజులు, రేవులు, వంతెనలు కట్టుకుంటూ, వరదలకు పోగొట్టుకున్నవి మళ్లీ నిలబెట్టుకుంటూ వచ్చిన ఊరు. చైనా వెళ్లే మనవాళ్లు బీజింగ్, షాంఘై చూసి తిరిగొచ్చేస్తారు. మూడు రోజులు వీలైతే వూహాన్‌కి ఇవ్వండి.

ఎక్కడికెళ్లినా ముందు నది ఎటుందో చూసుకోవడం ఈ ఊళ్లో మొదటి సూత్రం. వూహాన్ ఒకప్పుడు మూడు ఊళ్లు. యాంగ్జీకి తూర్పు గట్టున వుచాంగ్. పడమటి గట్టున హాన్‌కౌ, హాన్యాంగ్. ఈ రెండింటినీ విడదీస్తూ హాన్ నది వచ్చి యాంగ్జీలో కలుస్తుంది. 1927లో మూడింటినీ ఒకటి చేసినా వాటి స్వభావాలు కలవలేదు. వుచాంగ్‌లో రాజ్యాధికారం, చదువులు. హాన్‌కౌలో వర్తకం. హాన్యాంగ్‌లో గుడులు, పాత కథలు. ఒక రోజుకి ఒక గట్టు చొప్పున తిరిగితే ఊరు అర్థమవుతుంది. మ్యాప్‌లో కనిపించిన పేర్లన్నీ ఒకే రోజులో చుట్టేద్దామంటే ట్రాఫిక్‌లోనే పొద్దు గడిచిపోతుంది.

బయల్దేరే ముందు

వెళ్లే నెల జాగ్రత్తగా ఎంచుకోండి. వూహాన్‌ని చైనా వాళ్లే కొలిమి అంటారు. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత మన విజయవాడకు తీసిపోదు. జూన్, జులైల్లో వానలు వదలవు. చలికాలం తడి చలి, ఎముకల్లోకి దిగుతుంది. మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ దాకా బాగుంటుంది. అక్టోబర్ మొదటి వారం, మే డే సెలవులు, చైనా కొత్త సంవత్సరం మాత్రం తప్పించండి. ఆ రోజుల్లో దేశమంతా ప్రయాణంలోనే ఉంటుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా టూరిస్టు వీసా తీసుకోవాలి. ట్రాన్సిట్‌లో పది రోజులు వీసా లేకుండా ఉండనిచ్చే పథకంలో మన దేశం లేదు. అమెరికా పాస్‌పోర్టున్న తెలుగువాళ్లకు ఆ వెసులుబాటు ఉంది గానీ, ఒక దేశం నుంచి వచ్చి మరో దేశానికి వెళ్తున్నట్టు టికెట్ చూపించాలి. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజునే మళ్లీ చూసుకోండి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవారు హాంకాంగ్, సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్‌లలో ఏదో ఒకదాని మీదుగా వెళ్లొచ్చు. నాకు నచ్చే దారి మాత్రం గ్వాంగ్‌జౌ దాకా విమానం, అక్కడి నుంచి హైస్పీడ్ రైలు. సుమారు వెయ్యి కిలోమీటర్లు నాలుగు గంటల్లో వెళ్తుంది. వరి పొలాలు, కొండలు, సొరంగాలు చూస్తూ యాంగ్జీ దేశంలోకి అడుగుపెట్టొచ్చు. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: ఈ ఊళ్లో వూహాన్, హాన్‌కౌ, వుచాంగ్ అని మూడు పెద్ద స్టేషన్లున్నాయి. ఒకదానికి ఇంకొకటి చాలా దూరం. టికెట్ మీద ఏ స్టేషనుందో చూడకుండా బయల్దేరితే రైలు తప్పిపోతుంది.

ఫోన్ సంగతి ఇంట్లో ఉండగానే తేల్చుకోండి. చైనాలో నోట్లు తీసి ఇచ్చేవాళ్లు దాదాపు కనిపించరు. అలీపే, వీచాట్ అనే చెల్లింపు యాప్‌లు రెండూ పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డు గానీ జతచేయండి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయడం మరచిపోవద్దు. రూపే కార్డు ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్‌లోనే ఉండాలి. విదేశీ కార్డుతో 200 యువాన్లు దాటి చెల్లిస్తే కొంత ఫీజు పడుతుంది కాబట్టి చిన్న చిన్న మొత్తాలుగా కట్టడం మేలు. గూగుల్, వాట్సాప్ అక్కడి ఇంటర్నెట్‌లో పనిచేయవు. మన దేశంలోనే రోమింగ్ ప్యాక్ గానీ, విదేశీ ఈసిమ్ గానీ తీసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. దారి చూసుకోవడానికి ఆమ్యాప్, మాట కలపడానికి ఆఫ్‌లైన్‌లో పనిచేసే అనువాద యాప్ చాలు. మీ హోటల్ పేరు, చిరునామా చైనీస్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. టాక్సీ డ్రైవర్‌కి మన ఉచ్చారణ కన్నా అదే ఎక్కువ సాయం చేస్తుంది.

బస హాన్‌కౌలో, జియాంగ్‌హాన్ రోడ్డు మెట్రో స్టేషన్ దగ్గర్లో చూసుకోండి. విమానాశ్రయం నుంచి రెండో నంబర్ మెట్రో తిన్నగా అక్కడికే తెస్తుంది, నది అడుగు నుంచి వుచాంగ్‌కి తీసుకెళ్లేదీ అదే. 2012 డిసెంబర్‌లో తెరిచిన ఈ లైన్ యాంగ్జీ కింద నుంచి వెళ్లిన మొట్టమొదటి మెట్రో. రేవు కూడా నడిచివెళ్లే దూరంలోనే ఉంటుంది.

మొదటి రోజు: హాన్‌కౌ, తర్వాత పడవ

పొద్దున్నే లేవండి. వూహాన్ టిఫిన్ల ఊరు. హోటల్లో బ్రెడ్డు తిని బయల్దేరితే ఊరిని సగం పోగొట్టుకున్నట్టే. వీధిలో ఎక్కడ క్యూ పొడుగ్గా ఉందో అక్కడ నిలబడండి. ముందు తినాల్సింది రెగాన్‌మియెన్. ఉడకబెట్టి, నూనె పట్టించి ఆరబెట్టిన నూడుల్స్‌ని మరిగే నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి తీసి, గిన్నెలో వేసి, చిక్కటి నువ్వుల ముద్ద, సోయా సాస్, ముల్లంగి ఊరగాయ, ఉల్లికాడలు వేసి ఇస్తారు. పులుసు ఉండదు. చేతికి అందిన వెంటనే అడుగు నుంచి బాగా కలపాలి, ఆలస్యమైతే ముద్దకడుతుంది. ఆఫీసులకు పోయేవాళ్లు నడుస్తూనే తినేస్తారు. నువ్వుల రుచి మన నాలుకకు కొత్త కాదు కాబట్టి మొదటి ముద్దకే నచ్చుతుంది. పక్కనే మియెన్‌వో దొరుకుతుంది. బియ్యం, సోయా గింజలు రుబ్బి, ఉల్లికాడలు వేసి, మధ్యలో పల్చగా అంచు మందంగా నూనెలో వేయించిన ఈ వంటకం చూస్తే మన గారెకు దూరపు చుట్టంలా ఉంటుంది. డోపీ అనేది జిగురు బియ్యాన్ని పల్చటి అట్టులో చుట్టి కాల్చేది. బాగుంటుంది గానీ అందులో సాధారణంగా పంది మాంసం ముక్కలుంటాయి.

శాకాహారులకు ఒక మాట. "వో ఛి సూ" అంటే నేను శాకాహారిని అని అర్థమవుతుంది, "బూ యావ్ రౌ" అంటే మాంసం వద్దని. అయినా మాంసం ఉడికిన నీళ్లు, గుడ్డు వాళ్ల దృష్టిలో మాంసం కాకపోవచ్చు. మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం, పంది కొవ్వు తిననని చైనీస్‌లో ఒక కార్డులా రాయించుకుని ఫోన్‌లో చూపించండి. తామర దుంపల వేపుడు, వంకాయ, టోఫూ, ఆకుకూరలు ఎక్కడైనా చేసిపెడతారు. తామర దుంప హుబే (వూహాన్ ఉన్న ప్రావిన్సు) వాళ్లకు ఇష్టమైన కూర, తప్పక తినండి. దాని సూప్‌ మాత్రం పక్కటెముకలతో కాస్తారు.

టిఫిన్ అయ్యాక జియాంగ్‌హాన్ రోడ్డు వెంబడి నది వైపు నడవండి. ఆ వీధి చివర గడియారపు స్తంభంతో నిలబడిన రాతి భవనం పాత కస్టమ్స్ హౌస్, 1924లో పూర్తయింది. ఇప్పుడు మ్యూజియం. హాన్‌కౌ కథ మొత్తం అక్కడ మొదలవుతుంది. నల్లమందు యుద్ధాల్లో ఓడిన చైనా చేత బలవంతంగా తెరిపించిన రేవుల్లో ఇదొకటి, 1861లో తెరిచారు. తర్వాత బ్రిటన్, జర్మనీ, రష్యా, ఫ్రాన్స్, జపాన్ ఒక్కొక్కటిగా నది గట్టున తమ వాటాలు కోసుకున్నాయి. రష్యా వర్తకులు ఇక్కడి తేయాకుని ఇటుకల్లా అచ్చుకొట్టించి తమ దేశానికి పంపేవారు. ఆ బ్యాంకులు, గోదాములు, క్లబ్బులు ఇప్పటికీ యాన్‌జియాంగ్ రోడ్డు పొడవునా ఉన్నాయి. వాటి వెనక లీ హువాంగ్‌పీ రోడ్డులోకి తిరిగితే చెట్ల నీడలో పాత ఇళ్లు, చిన్న చిన్న కాఫీ షాపులు కనిపిస్తాయి. గంటన్నర తీరిగ్గా నడవండి. నల్లమందు మన దేశంలో పండించి పంపిందే కాబట్టి, ఆ భవనాల అందం చూస్తున్నంతసేపూ ఆ లెక్క కూడా మనసులో ఉంటుంది.

ఇంకో భారత బంధం కూడా ఈ గట్టుదే. జపాన్ దాడి చేస్తున్నప్పుడు మన కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్ల బృందం 1938లో హాన్‌కౌ చేరింది. అందులో ఒకరు ద్వారకానాథ్ కోట్నిస్. ఆయన తర్వాత ఉత్తర చైనాలో గాయపడ్డ సైనికులకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే చనిపోయారు. మన వైపు మరచిపోయినా, చైనాలో పెద్దవాళ్లకు ఆ పేరు ఇప్పటికీ తెలుసు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక గట్టు పార్కులోకి వెళ్లండి. అక్కడే వరద స్మారక స్తంభం ఉంది. 1954లో యాంగ్జీ ఇక్కడ 29.73 మీటర్ల మట్టానికి లేచింది. లక్షల మంది మట్టి మోసి గట్టు ఎత్తు పెంచి ఊరిని కాపాడుకున్నారు. అంతకు ముందు 1931 వరదలో హాన్‌కౌ వారాల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. గోదావరి, కృష్ణ వరదలు చూసిన మనకు ఆ స్తంభం ఎందుకు కట్టుకున్నారో ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక సూర్యుడు దిగడానికి అరగంట ముందు కస్టమ్స్ హౌస్ ఎదుటి వూహాన్‌గ్వాన్ రేవుకి రండి. అక్కడి నుంచి వుచాంగ్ గట్టున ఉన్న జోంగ్‌హువా రోడ్డు రేవుకి సిటీ ఫెర్రీ నడుస్తుంది. టికెట్ చాలా చవక. ఖరీదైన క్రూజ్ కన్నా నేను దీనికే ఓటేస్తాను. ఇది టూరిస్టు పడవ కాదు. సైకిళ్లతో, కూరగాయల సంచులతో ఇంటికి పోయేవాళ్లు ఎక్కే పడవ. పై అంతస్తులో రెయిలింగ్ దగ్గర నిలబడితే దక్షిణాన వంతెన, దానికి అటూ ఇటూ కొండలు, దూరంగా పసుపు కొంగ బురుజు కనిపిస్తాయి. పక్కనే బొగ్గు, ఇసుక మోసే బార్జీలు బరువుగా వెళ్తుంటాయి. చివరి పడవ ఎన్నింటికో ఎక్కేముందే రేవులో అడిగి తెలుసుకోండి. తప్పిపోయినా మెట్రో ఉంది, కంగారు పడక్కర్లేదు. చీకటి పడ్డాక రెండు గట్ల మీది భవనాలు దీపాలతో వెలుగుతాయి. అవి చూడటానికి హాన్‌కౌ గట్టు మెట్ల మీద కూర్చోవడమే చాలు, ఒక్క పైసా ఖర్చు లేదు.

రెండో రోజు: కొంగ బురుజు, ఎర్ర భవనం, కాళ్లతో నది దాటడం

పొద్దున్నే అదే పడవలో వుచాంగ్ చేరి టిఫిన్ అటువైపు చేయండి. రేవు పక్కనే హుబు గల్లీ ఉంది, పేరున్న తిండి వీధి. చూడటానికి బాగుంటుంది, కానీ జనం టూరిస్టులే. ఊరివాళ్లు తినే చోటు కావాలంటే ఇంకొంచెం లోపలికి, లియాంగ్‌దావ్ వీధికి నడవండి.

అక్కడి నుంచి పాము కొండ మీది పసుపు కొంగ బురుజుకి ఎక్కండి. టికెట్ 70 యువాన్ల ప్రాంతంలో ఉంటుంది, ముందురోజే ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు నంబర్‌తో కొనుక్కుంటే నయం. తొమ్మిది లోపు వెళ్తే జనం తక్కువ. క్రీ.శ. 223లో ఇక్కడ సైనికుల కాపలా బురుజుగా మొదలై, కాలిపోతూ, కూలిపోతూ, మళ్లీ లేస్తూ వచ్చింది. 1884లో కాలిపోయాక వందేళ్ల దాకా కట్టలేదు. ఇప్పుడున్నది 1985లో పూర్తయిన కట్టడం, 51.4 మీటర్ల ఎత్తు. పాత స్థలాన్ని వంతెన తీసుకోవడంతో దీన్ని సుమారు కిలోమీటరు దూరంలో, కాంక్రీటుతో కట్టారు. లోపల లిఫ్ట్ కూడా ఉంది. "అయితే ఇది పాతది కాదుగా" అని నిరుత్సాహపడొద్దు. కట్టెల బురుజు కాలినప్పుడల్లా మళ్లీ కట్టుకోవడమే ఇక్కడి పద్ధతి. ప్రతి కాలానికీ దాని ఆకారం మారింది. ఆ పాత రూపాల నమూనాలన్నీ లోపల వరుసగా పెట్టారు, అవి వదలకుండా చూడండి. కింది గోడ మీది చిత్రానికి వెనక కథ ఇది: ఒక సారాయి కొట్టులో డబ్బులివ్వకుండా తాగుతూ వచ్చిన సాధువు, రుణం తీర్చడానికి కమలాపండు తొక్కతో గోడ మీద కొంగ బొమ్మ గీశాడు. చప్పట్లు కొడితే అది దిగి నాట్యం చేసేది. కొట్టుకు జనం విరగబడ్డారు. కొన్నేళ్లకు సాధువు తిరిగొచ్చి అదే కొంగనెక్కి వెళ్లిపోయాడట.

పై అంతస్తు నుంచి చూసింది చాలనిపించాక, కొండ దక్షిణాన దిగి ఎర్ర భవనానికి నడవండి. 1911 అక్టోబర్ 10న వుచాంగ్‌లో సైనికులు తిరగబడి, రెండు వేల ఏళ్ల చక్రవర్తుల పాలనకు ముగింపు మొదలుపెట్టారు. ఆ తిరుగుబాటు ప్రభుత్వం కూర్చున్నది ఈ ఇటుకల భవనంలోనే. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు.

ఇప్పుడు అసలు నడక. సాయంత్రం నాలుగు తర్వాత వంతెన వుచాంగ్ కొస దగ్గర మెట్లెక్కండి. 1957 అక్టోబర్ 15న తెరిచిన ఈ వంతెన యాంగ్జీ మీద మొట్టమొదటిది, సోవియట్ ఇంజినీర్ల సాయంతో కట్టారు. అంతకు ముందు ఉత్తరం నుంచి వచ్చిన రైలు పెట్టెల్ని పడవల మీద ఎక్కించి నది దాటించేవారు. పొడవు 1,670 మీటర్లు. పైన రోడ్డు, కింద రైలు. రైలు వెళ్లినప్పుడు పాదాల కింద వంతెన వణుకుతుంది, భయపడకండి. రెయిలింగ్‌లో పోతపోసిన పక్షులు, జంతువులు, పూలు చూస్తూ నడిస్తే అరగంట పైనే పడుతుంది. ఉత్తరం వైపు ఫుట్‌పాత్ ఎంచుకోండి, హాన్ నది కలిసే చోటు అటే కనిపిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఏమీ దొరకదు. ఈత వచ్చినా సరే నీళ్లలో దిగే ఆలోచన వద్దు. 1966 జులై 16న మావో ఇక్కడ ఈదాడు గానీ, ప్రవాహం చాలా బలమైనది. ఏటా జులైలో జరిగే నది దాటే పోటీకి శిక్షణ, వైద్య పరీక్ష ఉన్నవాళ్లనే దించుతారు.

అవతల తాబేలు కొండ. దాని కింద, నీళ్ల అంచునే చింగ్‌చువాన్ మంటపం ఉంది. కొంగ బురుజుకి వెళ్లినంత జనం ఇక్కడికి రారు. వంతెనని పక్క నుంచి, కింద నుంచి చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

మూడో రోజు: గంటలు, సరస్సు

హుబే ప్రాంతీయ మ్యూజియం చూడకుండా రావొద్దు. ఉచితం, కానీ ముందే ఆన్‌లైన్‌లో రిజర్వ్ చేసుకోవాలి, సోమవారం మూసేస్తారు. మీ వల్ల కాకపోతే హోటల్ రిసెప్షన్‌లో పాస్‌పోర్టు చూపించి అడగండి, సాయం చేస్తారు. కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

నేరుగా జెంగ్ అనే పాత రాజ్యాన్ని ఏలిన యీ సమాధిలో దొరికిన గంటల దగ్గరకు వెళ్లండి. 1978లో సుయ్‌జౌ దగ్గర తవ్వి తీసిన 65 కంచు గంటలు, మూడు వరుసల్లో, క్రీ.పూ. 433 నాటివి. ఇవి గుండ్రంగా ఉండవు, బాదం గింజలా నొక్కినట్టుంటాయి. అందుకే మోత త్వరగా ఆగి, తర్వాతి స్వరానికి చోటిస్తుంది. మధ్యలో కొడితే ఒక స్వరం, పక్కన కొడితే ఇంకో స్వరం. ఏది ఏ స్వరమో గంటల మీదే చెక్కారు. ఇంత లెక్క ఇరవై నాలుగు వందల ఏళ్ల కింద! నకలు గంటల మీద కచేరీ చేస్తారు, విడిగా టికెట్. తప్పకుండా కూర్చుని వినండి. అదే సమాధిలో రాజుతో పాటు పాతిపెట్టిన 21 మంది ఆడవాళ్ల అస్థికలు దొరికాయి. పాపం, ఆ సంగీతంలో వాళ్లలో ఎవరి పాటలున్నాయో. ఆ సంగతి తెలుసుకుని వినడం నాకు సబబనిపిస్తుంది.

తర్వాత యువే అనే పాత రాజ్యపు రాజు గోజియెన్ కత్తి. 1965లో దొరికింది, 55 సెంటీమీటర్ల పైన పొడవు, రెండున్నర వేల ఏళ్లవుతున్నా పదును, మెరుపు పోలేదు. దాని చుట్టూ జనం గుమిగూడి ఉంటారు, ఓపిక పట్టండి. 2018 ఏప్రిల్‌లో మన ప్రధాని, చైనా అధ్యక్షుడు కలుసుకున్నది ఈ మ్యూజియంలోనే, మర్నాడు పక్కనున్న తూర్పు సరస్సు గట్టున నడిచారు.

ఆ సరస్సుకే మీరూ వెళ్లండి. సుమారు 33 చదరపు కిలోమీటర్ల నీళ్లు నగరం మధ్యలో ఉన్నాయి, చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా కార్లు లేని దారి. అద్దె సైకిల్ తీసుకుని మోషాన్ కొండ దాకా తొక్కితే సాయంత్రం నిండుగా గడుస్తుంది. మార్చిలో చెర్రీ పూలకు వచ్చేవారు వూహాన్ యూనివర్సిటీ ప్రాంగణానికి ముందస్తు రిజర్వేషన్ కావాలని గుర్తుంచుకోవాలి. దొరకకపోతే దిగులు లేదు, సరస్సు పక్కన మోషాన్ తోటలో అంతకన్నా ఎక్కువ చెట్లున్నాయి.

ఇంకో పూట మిగిలితే హాన్యాంగ్‌లో గుయ్‌యువాన్ ఆలయం చూడండి. 500 మంది అర్హంతుల (జ్ఞానం పొందిన బౌద్ధ సాధువుల) విగ్రహాలు, జనపనార గుడ్డ మీద లక్క పూతలు వేసి చేసినవి, ఏ రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. ఒక విగ్రహం దగ్గర మొదలుపెట్టి మీ వయసెంతో అన్ని లెక్కపెట్టి, ఆగిన విగ్రహమే మీ జాతకం చెబుతుందని నమ్ముతారు. బయట ఆ అర్హంతుడి కార్డు అమ్ముతారు.

నదిని వదల్లేనివాళ్లు ఎగువకి, యీచాంగ్‌కి వెళ్లొచ్చు. రైల్లోనే చేరుకోవచ్చు, త్రీ గోర్జెస్ డ్యామ్ అక్కడే. టికెట్ రైల్వే యాప్‌లో పదిహేను రోజుల ముందు నుంచి దొరుకుతుంది. హాన్‌కౌ స్టేషన్ నుంచి బయల్దేరే రైళ్లే ఎక్కువ. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు అది చదవకపోతే పక్కన మనిషి ఉన్న లైన్లోకి వెళ్లండి. సామాను తనిఖీకి కూడా టైమ్ పడుతుంది కాబట్టి కనీసం గంట ముందు స్టేషన్‌లో ఉండండి.